కెజియా మూయనివ్వని టికెట్

కరోనా సద్దుమణిగి అందరినీ మళ్ళీ ఆఫీసుకు రమ్మన్న సంవత్సరం, జూన్ నెలలో, హైటెక్ సిటీలోని మా కంపెనీలో నన్ను సర్వీస్ డెలివరీ మేనేజర్‌గా వేశారు. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. విదేశాల్లో ఎవరి కంప్యూటరైనా మొరాయిస్తే వాళ్ళు మాకో ఫిర్యాదు పెడతారు. దాన్ని టికెట్ అంటాం. ఎంతలో తేల్చాలో ఒప్పందంలో గడువు ఉంటుంది. గడువులోపు తేలిందా అని చూడటం, తేలకపోతే నెపం ఎవరిమీదకు తోయాలో ఆలోచించటం నా ఉద్యోగం. రెండోదాంట్లో నాకు మంచి పేరుండేది.

మా వృత్తిలో ఒక దివ్యమైన పద్ధతి ఉంది. సమస్య ఎటూ తేలకపోతే, 'మీ ఇబ్బంది తీరిందని భావిస్తున్నాం' అని ఫిర్యాదుదారుకు మెయిల్ కొడతాం. ఆయన విసిగిపోయి జవాబివ్వకపోతే టికెట్ దానంతటదే మూసుకుపోతుంది. సమస్య ఉంటుంది, టికెట్ ఉండదు. రిపోర్టు మాత్రం పచ్చగా కళకళలాడుతుంది. ఈ పద్ధతిని మేం దేవుడి దాకా తీసుకెళ్ళాం.

మా అంతస్తులో క్రైస్తవులం కొందరం మంగళవారం భోజనవేళ ఒక మీటింగ్ రూములో ప్రార్థన చేసుకునేవాళ్ళం. రూము బుక్ చేసే అధికారం నా హోదాకే ఉండటంతో పెద్దరికం నాకొచ్చింది. భక్తి చూసి ఇచ్చింది కాదు. వినోద్ అని భీమవరం కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు, ప్రార్థన మనవులన్నిటినీ ఆఫీసు పనుల బోర్డులాంటి దానిమీద పెట్టాడు. వచ్చినవి, నడుస్తున్నవి, ముగిసినవి అని మూడు వరుసలు. ఇల్లు దొరకాలి, వీసా రావాలి, ప్రమోషన్ రావాలి. ఇవన్నీ చకచకా మూడో వరుసకు చేరేవి. ప్రమోషన్ రానివాళ్ళు కంపెనీ మారిపోయేవారు. అదీ దేవుడి జవాబు కిందే రాసేసుకున్నాం.

కదలనిది కెజియాది ఒక్కటే. టెస్టింగ్ విభాగంలో పనిచేసే ఈమెది నార్సింగి. భర్త ఆనంద్ వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయించి గాయకబృందాన్ని నడిపేవాడు. ఒక్క స్వరం తప్పితే పాట మధ్యలో ఆపేసి అందరి ముందూ తిట్టే మనిషి. పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి గాని మాట పోయింది. మాట నేర్పే డాక్టరమ్మ, రావచ్చు, ఎప్పుడో చెప్పలేం, సాధన మాత్రం మానొద్దు అందట. 'ఆనంద్‌కు మాట రావాలి.' ప్రతి మంగళవారం కెజియా మనవి ఇదే.

ఏడాది దాటింది. వినోద్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సార్, బోర్డుమీద ఇదొక్కటే పాతబడిపోయి ఉండిపోయిందండి. దేవుడి చిత్తం లేదేమోనండి. 'వేచి ఉండు' అని జవాబొచ్చినట్టు రాసేసి మూసేద్దామండి."

వేచి ఉండమన్నదాన్ని మూసేయటం! ఇంత తెలివి మా కారిడార్‌లో తప్ప ఎక్కడా దొరకదు. నేను సరేనన్నాను. తర్వాతి మంగళవారం ఆ సంగతి కెజియాకు చెప్పాం. ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టి నావైపు చూసింది.

"ఏంది సార్, మా ఆయనకు మాటొచ్చిందా? రాలే కద. మరి ఎవరు ముగించిన్రు? దేవుడైతే నాకు మెయిల్ కొట్టలే."

ఆమె లేచి ఆ మనవిని మళ్ళీ మధ్య వరుసలోకి లాగింది. అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "యాష్టకొస్తది సార్. ఒక్కోనాడు అడగబుద్ధి గాదు. దేవుని మీద కోపమొస్తది. అయినా పొద్దుగాల లేస్తే మళ్ల గదే అడుగుత. మీరంత గిట్ల ఏసీల కూసోని మూసేసుడు గాదు, జర మా ఇంటికొచ్చి ప్రార్థన చెయ్యిన్రి."

నాకు సిగ్గేసింది. ఆదివారం మదీనాగూడలోని మా ఇంటి నుంచి నార్సింగి బయల్దేరాను. తప్పకుండా వస్తామన్నవాళ్ళలో వచ్చింది వినోద్ ఒక్కడే. వాడికేమో గొంతు బొంగురుపోయింది. కాబట్టి పాట ఎత్తుకునే భారం నామీద పడింది. మా ఇంట్లో నేను కుళాయి విప్పి స్నానం చేసేటప్పుడు మాత్రమే పాడటానికి అనుమతి ఉంది.

గుడ్డ కప్పిన కీబోర్డు పక్కన ఆనంద్ కుర్చీలో కూర్చున్నాడు. మొదటి చరణం ఓర్చుకున్నాడు. రెండో చరణంలో అతని మొహం ఎర్రబడింది, అరచేత్తో కుర్చీని కొట్టాడు. పరిశుద్ధాత్మ పనిచేస్తోందనుకుని నేను ఇంకాస్త గొంతెత్తాను.

"ఆపు!"

స్పష్టంగా వినిపించింది. కెజియా నేలమీద కూలబడింది. "ఏమన్నవ్? మళ్ల అను," అంది, ఏడుస్తూ నవ్వుతూ. అతను నావైపు వేలు చూపించి మళ్ళీ అన్నాడు, "ఆపు." నా సర్వీసు మొత్తంలో నా పనిమీద ఇంత నిర్మొహమాటమైన అభిప్రాయం ఎవరూ చెప్పలేదు. నాకూ కళ్ళు తడిశాయి.

మంగళవారం వినోద్ సంబరంగా ఆ మనవిని 'ముగిసినవి'లోకి చేర్చాడు. కెజియా వెనక్కి లాగేసింది. "ఒక్క మాటే కద వచ్చింది. మిగిలినయి రావద్దా? సార్, మీరు వచ్చే ఐతవారం గూడ వచ్చి పాడిన్రి. మంచిగ పాడకున్రి, అట్లనే పాడిన్రి."

నేను రిటైరయ్యాను. ఆదివారం నార్సింగి వెళ్ళటం మాత్రం మానలేదు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, ఎక్కువ భాగం తిట్లే. మొన్న వెళ్ళినప్పుడు ఆనంద్ ఆపమనలేదు. కీబోర్డు మీది గుడ్డ తీసి, ఒక మెట్టు నొక్కి పట్టుకుని, కూడబలుక్కుంటూ అన్నాడు: "సార్... ఈడికెల్లి... ఎత్తుకోన్రి."

జవాబు ఆలస్యమైందంటే జవాబు లేదని కాదని, టికెట్ మూసే హక్కు పెట్టినవాళ్ళదే గాని మేనేజర్‌ది కాదని నా ఉద్యోగం నాకు నేర్పింది, కాకపోతే కాస్త చివర్లో. ఆ మనవి ఇప్పటికీ మధ్య వరుసలోనే ఉంది. నేను పాడుతూనే ఉన్నాను.