నల్లదాని మెడగంట

మా మామిడితోటల వైపు కావలి కుక్కల మెడలో ఇనుప గంట కట్టేవారు. ఆ చప్పుడుకి అడవిపందులు, కోతులు దూరంగా ఉంటాయని నమ్మకం. కుక్క ముసలిదైపోయినా ఆ గంటను ఇంటి దగ్గర విప్పకూడదు. నూజివీడుకు ఉత్తరంగా, చింతలపూడి దాటాక వచ్చే మెట్ట ప్రాంతంలో ఒక చిన్న కొండ మీద స్వామి వెలిశాడు. వైశాఖ మాసంలో ఒకే ఒక్క రోజు అక్కడ గంటలు దింపుతారు. కుక్క తన కాళ్ళతో తానే కొండ ఎక్కాలి. ఎత్తుకోకూడదు, తాడు కట్టి లాగకూడదు, తిండి చూపించి పిలవకూడదు. మధ్యాహ్నం తలుపులు వేసేలోగా ఎక్కితే స్వామి దాని కావలి దింపినట్టే. అప్పటి నుంచి దాని చేత పని చేయించకుండా, బతికినన్నాళ్ళు కామందు అన్నం పెట్టాలి. ఎక్కలేని కుక్కను అక్కడి అడవిలోనే వదిలేసి వచ్చేవారు.

మా నాన్న తోట కావలి మనిషి. ఊరి భజనలో ముందుపాట ఆయనదే. నాకు అక్షరాలకంటే ముందు కీర్తనలు వచ్చాయి. అక్షరాలు కూడా భజన మందిరంలోనే, ఏకాదశినాడు చదివే పురాణం పుస్తకంలో చూస్తూ నేర్చుకున్నాను. నా ఏడో ఏట అమ్మ రెండు కుక్కపిల్లల్ని కొంగులో వేసుకుని తెచ్చింది, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఆ ఏడే అమ్మ పోయింది. ఇక ఆ రెండూ, నేనూ ఒక్క గుడిసెలో పెరిగాం.

నాన్న వాటికి పనులు పంచాడు. ఎర్రది కంచె వెంట తిరగాలి. నల్లది కోసిన కాయల దగ్గర ఉండాలి. బుట్ట నేల మీద దించి "నీదే" అంటే చాలు, మళ్ళీ మాలో ఒకరు వచ్చి బుట్ట ఎత్తేదాకా నల్లది అక్కడి నుంచి కదిలేది కాదు. ఒకసారి వడగళ్ళ వానలో కూడా కదల్లేదు.

స్వరాజ్యం వచ్చాక రెండో వేసవి అది. నాకు పందొమ్మిదేళ్ళు, వాటికి పన్నెండు. ఎర్రదాని ఒక కంటికి పొర కమ్మింది. నల్లదాని వెనక కాళ్ళు పట్టేశాయి. ఒకనాడు కామందుగారు తోటకు వచ్చి చూశారు.

"ఏంట్రా, ఇవి కూర్చుంటే లేవవు, లేస్తే నడవవు. వచ్చే ఏడు పందుల్ని ఇవి కాస్తాయా, పందులే వీటిని కాస్తాయా?"

"కొండకి తీసుకెళ్తానండయ్యా."

"తీసుకెళ్ళు. గంట దిగితే మా వరండాలో అన్నం పెట్టిస్తా. దిగకపోతే మాత్రం వెనక్కి తీసుకురాకు."

"చిత్తమండీ," అన్నాడు నాన్న. ఆయన గొంతు అంత సన్నగా పలకడం నేను ఎన్నడూ వినలేదు.

ఆ ఏడు మా భజన జట్టు మొత్తం ఆ కొండకే బయలుదేరింది. ఎనిమిది మందిమి, తాళాలు, ఒక మద్దెల, స్వామికి తొలి కోత రసాలు ఒక బుట్ట. మా జట్టులో ఒక పెద్దమ్మ ఉండేది, నోరు మహా చురుకు.

"భజనకి కుక్కలేంటయ్యా, మధ్యలో అరిస్తేనో?"

"అవి అరిచినా తాళానికే అరుస్తాయిలే పెద్దమ్మా. తప్పేది నువ్వే," అన్నాడు మద్దెల వాయించే బాబాయి.

కుక్కల నడకే మా నడక. తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఎండ ముదిరితే ఏ చెట్టు కిందో మజిలీ. మొదటి రోజంతా మాకు తెలిసిన తోటలే, పచ్చని కొమ్మలు నేలను తాకేవి. రెండో రోజుకి మామిడి పలచబడింది. ఎర్రమట్టి, తాటిచెట్లు, పొగాకు కొట్టేసిన బీళ్ళు. మూడో రోజున మోదుగ చెట్లు, వాటి వెనక నీలంగా గుట్టలు. అంత ఉత్తరంగా నేను ఎన్నడూ వెళ్ళలేదు. సరిహద్దు అవతల నవాబు రాజ్యంలో గొడవలు చల్లారిన కొత్తలో అది. బాట మీద జనం మళ్ళీ ధైర్యంగా తిరుగుతున్నారు.

ఆ పల్లెల్లో ఒక ఆచారం చూశాను. మెడలో గంట ఉన్న ముసలి కుక్క కనిపిస్తే ఆడవాళ్ళు చెంబుతో ఎదురొచ్చి దాని కాళ్ళ మీద నీళ్ళు పోసి నుదుట పసుపు రాస్తారు.

"కావలి దింపడానికేనా అమ్మా?" అని అడిగింది ఒకావిడ.

"అవునండీ."

"ఎన్నేళ్ళు కాశాయి?"

"పన్నెండండీ."

ఆవిడ కుక్కలకు దణ్ణం పెట్టింది. పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "చూశావంటే? ముప్పై ఏళ్ళుగా భజన చేస్తున్నా, నా కాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోసిన మొహం లేదు!"

దారిలో ప్రతి మజిలీలోనూ బుట్ట దించగానే నల్లది దాని పక్కన ఒరిగిపోయేది. అలసట అనుకున్నాం. మేం లేచి బుట్ట ఎత్తుకుంటే అదీ లేచేది.

నాలుగో రోజు పొద్దున కొండ కిందికి చేరాం. మెట్లు లేవు, బండరాళ్ళ మధ్య దారి. నాన్న చింతచెట్టు కింద బుట్ట దించాడు. పళ్ళు మధ్యాహ్నం నైవేద్యానికి కదా, ముందు గంటలు దింపించి తరువాత వచ్చి తీసుకెళదాం అన్నాడు. అందరం నడిచాం. ఎర్రది మా ముందే, ఒంటికన్నుతో రాళ్ళను వాసన చూసుకుంటూ, కంచె వెంట తిరిగినట్టే తిరుగుతూ ఎక్కింది. నల్లది రాలేదు.

వెనక్కి దిగాను. చింతచెట్టు కింద పడుకుని ఉంది. పిలిచాను. తోక ఆడించింది, లేవలేదు. నాన్న వచ్చి పిలిచాడు. ఆయన వంక చూసి, మళ్ళీ ముందు కాళ్ళ మీద తల పెట్టుకుంది.

"పాపం, దాని పనైపోయిందమ్మా," అన్నాడు బాబాయి.

ఎండ ఎక్కింది. పై నుంచి పూజారిగారు కేక వేశారు. "ఇంకెంతసేపయ్యా? తలుపులు వేసే వేళవుతోంది!"

నాన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. చుట్టూ అడవి. అమ్మ కొంగులో వచ్చిన ప్రాణిని అక్కడ వదిలి రావాలి. నేను కళ్ళు మూసుకున్నాను. స్వామీ, దీని కాళ్ళకి బలం ఇయ్యి అని మొక్కుకున్నాను. బలం కావాలనే మొక్కాను, అంతకుమించి నాకు తోచలేదు. కళ్ళు తెరిచేసరికి నల్లదాని చూపు బుట్ట మీద ఉంది. అప్పుడు నా చెవిలో నాన్న మాట మళ్ళీ వినిపించింది. పొద్దున బుట్ట దించుతూ, పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ, తనకే తెలియకుండా ఆయన "నీదే" అన్నాడు.

"నాన్నా, దానికి బలం లేక కాదు! నువ్వే కాపలా పెట్టావు!"

బుట్ట ఎత్తి తల మీద పెట్టుకున్నాను. నల్లది లేచింది. ముందు కాళ్ళు సాచి ఒళ్ళు విరుచుకుంది, ఇంతసేపూ మా కోసమే ఆగినట్టు. నేను ఒక బండ ఎక్కితే అదీ ఎక్కింది. నేను ఆగితే ఆగింది. రెండుసార్లు వెనక కాళ్ళు జారాయి. తాకకూడదు కాబట్టి ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. రెండుసార్లూ అదే లేచింది. మాకంటే ముందు పైకి చేరిన నాన్న ముందుపాట ఎత్తుకున్నాడు. మద్దెల కలిసింది. ఆ రోజు పెద్దమ్మ కూడా తాళం తప్పలేదు.

పైన పూజారిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆశ చూపి తీసుకురాకూడదని తెలీదా? బుట్ట చూపించి ఎక్కిస్తావేంటి?"

"ఆశ కాదండీ," అన్నాను. "అది పన్నెండేళ్ళలో ఒక్క పండు ముట్టలేదండీ. అది కాపలా మీద వచ్చిందండీ."

ఆయన పక్కనున్న రాతి మీద బుట్ట దించమన్నారు. దించాను. ఒక పండు తీసి నల్లదాని మూతి ముందు పెట్టారు. అది మొహం తిప్పుకుని బుట్టకు ఆనుకుని పడుకుంది. ఆయన పండును తిరిగి బుట్టలో పెట్టారు. తరువాత తలుపు దగ్గరున్న కుర్రపూజారితో, "ఉండు, ఇంకా వేయకు," అన్నారు.

సేవే భక్తి అని పెద్దలు చెబుతుంటే వందసార్లు విన్నాను, పాడాను కూడా. దాన్ని కళ్ళతో చూసింది ఆ రాతి దగ్గరే. నేను అడిగింది బలం. స్వామి నాకు ఇచ్చింది చూపు.

నాన్న రెండు గంటలూ విప్పాడు. నల్లదాని మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి చర్మం నున్నగా ఉంది. పూజారిగారు రెండింటి మెడకూ పసుపుతాళ్ళు కట్టారు. గంటల్ని గుడి ముందు తీగకు తగిలించారు. ఎందరో కాపలావాళ్ళు తెచ్చిన పాత గంటలు దాని నిండా ఉన్నాయి. గాలికి అన్నీ ఒక్కసారి మోగాయి. నాన్న రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ నవ్వాడు.

తిరిగి వచ్చాక నేరుగా కామందుగారి ఇంటికే వెళ్ళాం. ఆయన పసుపుతాళ్ళు చూశారు. లేచి నిలబడి, "ఏవేయ్, రెండు విస్తళ్ళు వెయ్యి," అని లోపలికి కేకేశారు. ఎర్రది తినగానే అరుగు కింద నిద్రపోయింది. నల్లది తిని, వరండా అంతా ఒకసారి చూసింది. గోడవారగా ఆ రోజు కోసిన రసాల బుట్టలు వరసగా ఉన్నాయి. నెమ్మదిగా వెళ్ళి వాటి ముందు పడుకుంది.

కామందుగారు పగలబడి నవ్వారు. "ఏంట్రా, కావలి దిగిందని దీనికి ఎవరూ చెప్పలేదా?"

"స్వామే చెప్పాడండయ్యా," అన్నాడు నాన్న. "ఇది వినలేదు."