రెండు దవాఖానల మధ్య మా అన్న

మొన్న శంషాబాద్ సర్కారు దవాఖానకు షుగరు పరీక్షకని వెళితే, నర్సమ్మ నా వేలు గుచ్చి రక్తం చుక్క తీస్తూనే, దగ్గు పట్టుకుని వదలకుండా ఉందా, సాయంత్రాలు జ్వరం వస్తోందా, బరువు తగ్గారా అని వరుసగా అడిగింది. షుగరు ఉన్నవాళ్లను టీబీ గురించి, టీబీ ఉన్నవాళ్లను షుగరు గురించి ఇప్పుడు తప్పకుండా అడుగుతామని చెప్పి తర్వాతి మనిషిని పిలిచింది. నేను మాత్రం బయటి బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. ఈ మాట ఆ రోజుల్లో మా అన్నను ఒక్కరు అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మాది శంషాబాద్ దగ్గరి మంఖాల్. మా నాన్న జొన్నలు, కందులు పండించిన చెలక ప్లాట్లుగా మారిపోయాక, విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజుల్లో మా అన్న ఒక కారు కొనుక్కుని కిరాయికి తిప్పేవాడు. అప్పట్లో మన తరం వాళ్లకు విమానం ఎక్కే మనుషులను దగ్గరగా చూడడమే ఒక సంబరం కదా, అన్న వాళ్ల సామాను తానే ఎత్తి డిక్కీలో పెట్టి, దారి పొడుగునా ముచ్చట్లు చెప్పి, ఇంటికొచ్చాక ఆ ముచ్చట్లన్నీ మళ్లీ మాకు చెప్పేవాడు. షుగరు వచ్చిందని తెలిసినప్పుడు కూడా దాచుకోలేదు, అది పెద్ద ఉద్యోగస్థులకు వచ్చే జబ్బని నవ్వుతూ చెప్పుకున్నాడు. నగరంలో అత్తాపూర్ వైపు కిరాయిలు ఎక్కువగా పడేవి కాబట్టి అక్కడి ప్రైవేటు డాక్టరు దగ్గరే చూపించుకునేవాడు.

ఆ తర్వాత దగ్గు మొదలైంది. రోడ్ల దుమ్మని కొన్నాళ్లు నెట్టుకొచ్చి, చివరికి మా ఊరికి దగ్గరి మహేశ్వరం సర్కారు దవాఖానలో టీబీ అని తేలాక, ఆ మాట వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తాపూర్ డాక్టరుకు చెప్పలేదు, మహేశ్వరం వాళ్లకు షుగరు సంగతి చెప్పలేదు. ఇద్దరిలో ఒక్కరూ అడగనూ లేదు. మహేశ్వరంలో గుడ్లు, పాలు, అన్నం బాగా తినమంటే అత్తాపూర్‌లో అన్నం తగ్గించమనేవారు, వదిన ఎవరి మాట ప్రకారం వండాలో తెలియక పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేదట. షుగరు బిళ్లలు పెంచిన కొద్దీ షుగరు పెరిగింది, టీబీ మందు వేసుకుంటున్న కొద్దీ మనిషి ఎండిపోయాడు. అయినా ఆ కారు తిప్పుతూనే ఉన్నాడు.

ఒకనాడు వదిన నేను పాఠాలు చెప్పే బడికే వచ్చేసింది. ఆ పొద్దున అన్న దగ్గితే బట్ట ఎర్రబడిందట. అప్పటిదాకా దాచిందంతా అక్కడే చెప్పేసి, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, అన్నను బలవంతంగా అత్తాపూర్ తీసుకెళ్లింది. డాక్టరు మళ్లీ బిళ్ల పెంచుతానంటుంటే, వదిన తన సంచిలోంచి టీబీ మందులన్నీ తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

“సారూ, ఈయనకు టీబీ గూడ ఉన్నది. చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. ఇగ నేను దాచ, మనిషే పోతుంటే ఒట్టు ఏం జేసుకోను?”

అన్న తల దించుకుని, “బయటవడితే నా బండి ఎవరెక్కుతరే?” అన్నాడు, వినీ వినబడనట్టు.

డాక్టరు కోప్పడలేదు. ఆ మందుల వల్ల షుగరు బిళ్లల పట్టు తగ్గుతుందని, షుగరు దిగకపోతే టీబీ తొందరగా లొంగదని చెప్పి, అక్కడికక్కడే మహేశ్వరం డాక్టరుకు ఫోను చేసి మాట్లాడాడు. ఇన్సులిన్ మొదలైంది. ఏం తినాలో ఇద్దరూ కలిసి ఒకే మాటగా చెప్పారు. వదిన మొహంలో ఆ రోజు కనిపించిన ఊరట నేను మరిచిపోలేను.

అన్న బతికాడు, టీబీ పూర్తిగా నయమైంది. కానీ అదుపు తప్పిన షుగరు చూపును మసకబార్చడంతో స్టీరింగు వదిలేశాడు. కొన్నాళ్లకు కూతురి పెళ్లిలో, అప్పగింతల వేళ, పిల్ల ఏడుస్తూ తండ్రి కోసం చూస్తుంటే, ఆయన తలుపు దగ్గర నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే, “జర దూరమే ఉండనియ్యి చెల్లె, పిల్లలున్న తావు” అన్నాడు. జబ్బు పోయిందని డాక్టరు చెప్పాడు, మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చివరికి పిల్లే వచ్చి ఆ రుమాలు తీసేసి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది.

అన్న పోయి ఇప్పటికి చాలా కాలమైంది. మా చెలక ఏ ఇళ్ల కింద ఉందో నేనే గుర్తుపట్టలేను. మందులు మారాయి, అడిగే తీరు మారింది, ఒంట్లో ఉన్న రెండు జబ్బులూ ఒకే మనిషివని వైద్యానికి తెలిసొచ్చింది. అయినా టీబీ అన్న మాట దగ్గరికొచ్చేసరికి మన ఇళ్లలో గొంతు ఎందుకు తగ్గుతుందో, అది ఎన్నడు మారుతుందో నాకింకా తెలియదు.