మైకులో నేను అన్న మాటలు

మా జట్టులో నలుగురం. నేను మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, కుప్పంలో గ్రానైట్ పాలిష్ చేసేచోట సూపర్‌వైజరు. మూడో అతను వాడి స్నేహితుడు. నాలుగో ఆయన పుంగనూరు టైలరు. ఆటలోనే పరిచయమయ్యాడు, ముఖం ఎవరమూ చూడలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, నలుగురం ఫోన్లలో తుపాకుల ఆట ఆడేవాళ్లం. మైకులో ఒకరి మాట ఒకరికి వినిపించేది.

టైలరుకు ఆట రాదు. తలుపు వెనక శత్రువు ఉన్నాడని చెప్పినా నేరుగా వెళ్లి నిలబడేవాడు. ఆ ఆటలో ఎవరైనా దెబ్బతిని పడిపోతే, కాసేపట్లోగా తోటివాళ్లు వచ్చి లేపవచ్చు. ఆయన ఎవరు పడినా ముందూ వెనకా చూడకుండా పరుగెత్తుకొచ్చి, తానూ పడిపోయేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. ర్యాంకు పడిపోతున్నకొద్దీ నాకు నవ్వు పోయింది.

"ఏల వస్తావప్పా ఆడికి? కండ్లు కనపడవా నీకు?" అని అరిచేవాణ్ణి.

"తప్పైంది అన్నా," అనేవాడు ప్రతిసారీ.

ఆ మాట వింటే నాకు ఇంకా కోపం వచ్చేది. ఎదురు చెప్పని మనిషి మీద నా నోరు అంతగా లేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఒక ఆదివారం చివరిదాకా వచ్చి ఓడిపోయాం. ఒక ఇంట్లోకి వెళ్లి నేను ముందు పడ్డాను. నన్ను లేపడానికి వచ్చి ఆయనా పడ్డాడు. "నీకు గుడ్డలు కుట్టేదన్నా సరిగా వస్తాదా? మాకెందుకప్పా నువ్వు?" అన్నాను.

ఆయన, "సరేలే అన్నా, మీరు ఆడుకోండి," అని వెళ్లిపోయాడు.

తమ్ముడు ఊరుకోలేదు. "అన్నా, ఆ ఇంట్లోకి ఒక్కడివే పోవద్దని నేను సెప్తానే ఉండాను. నువ్వు పోయినావు. ఆయప్ప నీకోసరమే వచ్చి సచ్చిపోయినాడు."

"నాకు నేర్పించేంత మొనగాడివా నువ్వు?" అని ఫోను పక్కన పడేశాను.

ఆ వారమే ల్యాబులో, కొత్తగా చేరిన అమ్మాయికి ఒక పేషెంటు చేతిలో నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చింది. ఆయన విసుక్కుంటున్నాడు. నేను పక్కన నిలబడి, "ఏం కాదమ్మా, ఇంకో చెయ్యి సూద్దాం," అన్నాను. అన్న మరుక్షణం నా గొంతు నాకే వినిపించి సిగ్గేసింది. ఆ మెత్తటి గొంతు నాకు ఉంది. మనిషి ముఖం కనిపించేచోట మాత్రమే వాడుతున్నాను.

శనివారం పుంగనూరు బస్సెక్కాను. బస్టాండు వెనక కొట్టు అని ఆయన ఒకసారి చెప్పాడు. వెళ్లి చూస్తే యాభై దాటిన మనిషి, తల నెరిసింది. నన్ను ఇన్నాళ్లూ అన్నా అని పిలిచింది ఈయనా అనుకున్నాను. నేనెవరో చెప్పగానే లేచి స్టూలు జరిపాడు. లోపల జాకెట్లకు హుక్కులు కుడుతున్న భార్యను పిలిచాడు.

"నాకు ఆట నేర్పించిన అన్న ఈయనే. మదనపల్లె నుంచి వచ్చినాడు సూడు."

"మీ గురించి సెప్తా ఉంటాడప్పా," అని ఆమె టీ తెచ్చింది.

క్షమాపణ అడగాలంటే, నేను ఏమన్నానో ఆమె ముందు చెప్పాలి. చెప్పలేక టీ తాగాను. రోడ్డు దాకా సాగనంపడానికి ఆయన వచ్చినప్పుడు, "ఆ పొద్దు నేను అట్లా అనుండకూడదు," అన్నాను.

"ఆటలో అంటారులే అన్నా. బాధ కాలేదని మాత్రం అనను," అన్నాడు, నావైపు చూడకుండా.

"మళ్లీ రాప్పా ఆటకు."

"సూస్తాలే."

ఆయన మళ్లీ రాలేదు. ఆ రోజు తిరుగు బస్సులో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసి, నువ్వు చెప్పిందే నిజం, తప్పు నాదే అన్నాను.

"ఆయప్పకు సెప్పినావా?" అన్నాడు.

"సెప్పినా."

"అంతా సెప్పినావా?"

"సగమే," అన్నాను.