చెరువు గట్టు మీద ఫిన్లాండు పళ్లెం

ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువుల వారందరికీ మత్తయి తెలుసు. నీళ్లు తోడే మోటారు మూలుగు విని, విప్పకుండానే దాని రోగం చెప్పగలడని పేరు. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల మీద ఎలక్ట్రీషియనుగా పనిచేసి, యాభై రెండో ఏట సొంత ఊరు చేరాడు. ఓడ ఎక్కిన ప్రతిసారీ పెళ్లి మాట వెనక్కి జరిగింది. చివరకు ఆ మాట ఎత్తే పెద్దలే లేకపోయారు. ఇదంతా ఊరెరిగిన సంగతి. ఎరగనిది ఒక్కటే. మత్తయికి ఒక ఆట వచ్చు. ఆ ఆట విషయంలో అతనికి గట్టి అభిప్రాయాలున్నాయి. వాటిని కాదనగల మనిషి మాత్రం చుట్టుపక్కల ఒక్కడూ లేడు.

ఆ ఆట పేరు డిస్క్ గోల్ఫ్. టిఫిను పళ్లెమంత ప్లాస్టిక్ బిళ్లను, దూరాన నిలిపిన గొలుసుల బుట్టలోకి వీలైనన్ని తక్కువ విసుర్లతో చేర్చాలి. ఫిన్లాండు రేవులో అతని ఓడ మరమ్మతుకు పదకొండు రోజులు నిలిచిపోయినప్పుడు, నావికుల కోసం చర్చి నడిపే మిషన్‌లోని పాస్టరు దగ్గరుండి నేర్పాడు. సెలవు పుచ్చుకునే నాడు తమ దేశపు కంపెనీ చేసిన బిళ్లలు మూడు చేతిలో పెట్టాడు. తరువాత రేవు రేవునా కొన్న అమెరికావీ, స్వీడన్‌వీ కలిసి పద్దెనిమిదయ్యాయి.

చూసేవారికి అవన్నీ ఒక్కటే. ఆడేవారికి అలా కాదు. బెల్లం పాకంలో లేతా ముదురూ ఉన్నట్లు, ఏ కంపెనీ ప్లాస్టిక్ దానిదే. అమెరికా వారి బిళ్ల గట్టిది. చెమట చేతికి గాజులా జారుతుంది. ఫిన్లాండు వారిది మెత్తన. వేళ్లకు చెప్పినట్లు వింటుంది. స్వీడన్ వారిది అటూ ఇటూ కానిది. ఫిన్లాండు బిళ్లకు మించినది లేదని మత్తయి నిశ్చయం.

ఆదివారం ఆరాధన ముగిసి, భోజనం కాగానే, అతడు నలభై ఎకరాల చెరువు గట్టుకు వెళ్లేవాడు. పాత మోటారు చట్రానికి సైకిలు గొలుసులు వేలాడదీసి, బుట్ట తానే తయారు చేసుకున్నాడు. గాలి మళ్లిందంటే బిళ్ల నీళ్లపాలే. నాలుగేళ్లలో అలా తొమ్మిది పోయాయి.

ఫోనులో ప్రపంచపు ఆటగాళ్ల బృందం ఒకటి ఉండేది. ఏ కంపెనీ మేలన్న తగువు అక్కడ తెల్లవార్లూ సాగేది. రాతికి కొట్టుకున్నా చెక్కు చెదరలేదని ఒకడు, మంచులో పగిలిందని ఇంకొకడు. మత్తయి కూడా ఒకనాడు ఇంగ్లీషులో రాశాడు: "మా ఊరి ఎండ నలభై నాలుగు డిగ్రీలు. చుట్టూ చేపల చెరువులు. అయినా ఫిన్లాండుదే మేలు." నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. కాదని ఎవరూ రాయలేదు. అతడు రెండు రోజులు ఫోను చూసి చూసి ఊరుకున్నాడు.

ఈ మే నెలలో ఆ చెరువు లీజు ముగిసింది. చేపలు పట్టి, నీళ్లన్నీ తోడించారు. పోయిన బిళ్లలు బురదలో దొరుకుతాయేమోనని మత్తయి అవతలి గట్టుదాకా నడిచాడు. అక్కడ కాపలా గుడిసె ముందు రాజబాబు, అతని భార్య దుర్గాదేవి సామాను ట్రాలీ ఆటోకు ఎక్కిస్తున్నారు. నాలుగేళ్లుగా దూరం నుంచి చూసుకోవడమే తప్ప, పలకరించుకున్నది లేదు.

దుర్గాదేవి నవ్వింది. "రండి అన్నయ్యగారూ. అన్నం తిన్నాక పళ్లెం కడుక్కునేవాళ్లని చూశాగానీ, చెరువులోకి గిరాటేసేవాళ్లని మిమ్మల్నే చూశా."

"అవి పళ్లేలు కావమ్మా. నీకేమన్నా దొరికాయా?"

"వల వేసినప్పుడల్లా చేపలతో పాటే వచ్చేవి. ఇద్దామంటే మీరేమో ఆ గట్టు, మేం ఈ గట్టు. ఊరికే ఉంచడమెందుకని వాడేసుకున్నాం."

ఆమె గోనెసంచి బోర్లించింది. నీళ్ల బిందె మీద మూతగా ఉన్నదానితో కలిపి తొమ్మిదీ ఉన్నాయి. పాస్టరు ఇచ్చిన ఎర్ర బిళ్ల పచ్చి అప్పడంలా మెలితిరిగి, అంచున పంటిగాట్లతో బయటపడింది.

"ఇదేమిటమ్మా ఇలా చేశావు?"

"నేనేం చేశానండీ! రెండెండలకే ఒంగిపోయింది. పోనీలే అని దాన్లో కుక్కకి కూడేస్తే అదీ నమిలేసింది. అసలు సరుకంటే ఇదీ." నీళ్ల బిందె మీది నీలం బిళ్ల తీసి చూపింది. అమెరికాది. "మూడేళ్లుగా ఎండలోనే ఉంది. ఇంత కూడా వంకర పోలేదు."

"అది చేతిలో నిలవదు. ఎర్రదానికి వంకపెట్టడానికి వీల్లేదు. చలిదేశం కోసం చేశారు దాన్ని."

"అయితే చలిదేశంలోనే ఉండమనండి. ఇక్కడికొచ్చి మన ఎండని తప్పుపడితే ఎలాగండీ?"

మత్తయికి చెవులు వేడెక్కాయి. వేళ్ల పట్టు గురించి చెప్పాడు. చెయ్యి జారితే చొక్కాకు తుడుచుకోమంది. విసురు గురించి చెప్పాడు. విసిరేది ఒంగకుండా ఉంటేగా అంది. స్వీడన్ బిళ్ల చేపలకు వేసే తవుడు తోడుకోవడానికి మాత్రమే పనికొస్తుందని ఆమె అన్నప్పుడు, ఆ ఒక్కదాన్నీ అతడు ఒప్పుకున్నాడు.

రాజబాబు ఆటో మీద చరిచాడు. "మీ పళ్లేల పంచాయితీ తెమిలేదేనా? కైకలూరు పోయేసరికి పొద్దుగూకుద్ది."

దుర్గాదేవి నీలం బిళ్లను అతని చేతిలో పెట్టింది. "దీంతో ఒక్కసారి ఆడి చూడండి. బాగోకపోతే ఫోను చేసి తిట్టండి నన్ను."

ఆటో గట్టు దిగి రోడ్డెక్కింది.

మరుసటి ఆదివారం మత్తయి నీలం బిళ్లను అరచేతిలో చాలాసేపు తిప్పాడు. చెమట తుడుచుకుని విసిరాడు. వడగాలిలో ఎర్ర బిళ్ల ఏనాడూ అంత తిన్నగా సాగలేదు. గొలుసులు గల్లుమన్నాయి. మళ్లీ విసిరాడు. మళ్లీ గల్లుమన్నాయి. నెర్రెలు విచ్చిన చెరువుకు అవతల గుడిసె తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు.

ఫోను తీశాడు. ఆమె నెంబరు అడగనే లేదని అప్పుడు తట్టింది. చెరువు యజమాని మధుసూదనరావు దగ్గర రాజబాబు నెంబరు ఉంటుంది. ఫోను కలిపాడు.

"చెప్పండి మత్తయిగారూ."

కాపలావాడి నెంబరు దేనికంటే ఏం చెప్పాలి? అతని భార్యతో బిళ్ల బాగా ఎగిరిందని చెప్పడానికనా?

"ఏం లేదండీ," అన్నాడు మత్తయి. "మన మోటారు బాగానే నడుస్తోందా?"

"చెరువులో నీళ్లే లేవు కదండీ," అన్నాడు మధుసూదనరావు. "ఎప్పుడో ఆపేశాం."