కాలు తియ్యకేం

"కాలు తియ్యకేం" అన్నాడు మా ఆయన, ఆసుపత్రిలో మందు మత్తులో. "తియ్యన్లే, పడుకో" అన్నాను. మా ఇద్దరి ఆఖరి మాటలవే.

అది ట్రక్కు నాటి మాట. రైల్వేలో రిటైరయ్యాక ఆయన తార్‌బహార్ పేటలో మా ఇంటి ముందే ఒక పాత మిలిటరీ ట్రక్కును బాగుచేశాడు. పంద్రాగస్టు ఊరేగింపులో పేట పిల్లల్ని ఎక్కించాలని ఆశ. అన్నీ కుదిరాయి గానీ, బ్రేకు తొక్కితే మెత్తగా దిగిపోయేది. పైపులో గాలి చేరిందన్నాడు. ఆయన కింద పడుకుని నట్టు వదులుచేసి గాలి తీస్తుంటే, పైన ఒకరు బ్రేకు తొక్కిపట్టాలి. నట్టు బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ దూరుతుంది. పక్కింటి డ్రైవరు ప్రతిసారీ తొందరపడి కాలు తీసేశాడు.

"అచ్ఛా, నువ్వు దిగు బాబూ. ఒసే, నువ్వెక్కు. నాను చెప్పేదాకా కాలు తియ్యకేం!"

"నాకేటి తెలుసు?"

"మొండితనం తెలుసు కదేటి!"

కాలు తిమ్మిరెక్కినా తియ్యలేదు.

ఏ బండి బ్రేకు బాగుచేసినా ఆయన దానికి ఎదురుగా నిలబడేవాడు. ఆ రోజూ మా పేట వంతెన వాలు చివర నిలబడ్డాడు. డ్రైవరు వాలులో బ్రేకు వేశాడు. ట్రక్కు ఆయన బొజ్జకు జానెడు దూరంలో ఆగింది.

"మా ఆవిడ తొక్కిన బ్రేకు!" అని పేటంతా వినేలా అరిచాడు.

మేనకోడలా, నేను చెప్పింది చెప్పినట్టు ఆ మాట రాసేవేటే? ఏదీ, చదివి వినిపించు.