శ్రీశైలం దారి, మంచు దారి

నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సామాను తూచే చోట పనిచేస్తాను. చదివింది పదో తరగతి వరకే. లెక్కలు ఆ తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. దేన్ని చూసినా దానికో సంఖ్య వేసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. సంచి చేత్తో లేపితే అర కిలో అటూ ఇటూగా బరువు చెప్పగలను. అందుకే అక్క తన గొడవ నా దగ్గరికి తెచ్చింది.

అక్కకు యాభై మూడేళ్లు. మామిడిపల్లిలో ఎకరం పొలంలో బావతో కలిసి ఆకుకూరలు పండిస్తుంది. వాళ్ల పైగదిలో కిరాయికి ఉండే అమ్మాయి సెలవులు దొరికితే కొండలెక్కడానికి పోతుంది. జూన్‌లో కొందరు ఆడవాళ్లతో కలిసి ఉత్తరాఖండ్‌లో ఒక దారి నడవబోతున్నామని, పన్నెండు రోజులని, ఎవరి సంచి వాళ్లే మోసుకోవాలని, పదిహేను వేల అడుగుల ఎత్తున ఒక కనుమ దాటాలని చెప్పి, "వస్తవా అక్కా" అని అడిగిందట. అక్క మెంతికూర కట్టలు కడుతూనే వస్తానంది.

బావ ఒప్పుకోలేదు. "గీ వయసుల మంచుగుట్టలేంది? నీ తమ్మునికి లెక్కలొస్తయంటవు గదా, ఏసి చెప్పమను. నీతోని అయితదని అంటే పో" అన్నాడు.

నేను ఒక పద్ధతి కట్టాను. రోజుకు నడిచే కిలోమీటర్లకు, ఎక్కే ప్రతి వంద మీటర్లకు ఒక కిలోమీటరు చొప్పున కలపాలి. వచ్చినదాన్ని వీపు మీది బరువుతో గుణించాలి. మంచు దారిలో రోజుకు సగటున పదకొండు కిలోమీటర్లు, ఎనిమిది వందల మీటర్ల ఎక్కుడు: పంతొమ్మిది. గాలి పలచన కాబట్టి ఒకటిన్నర రెట్లు: ఇరవై ఎనిమిదిన్నర. సంచి పన్నెండు కిలోలు. మొత్తం మూడు వందల నలభై రెండు.

ముందుగా నడిచి పరీక్షించుకోవడానికి మాకు దగ్గర్లో ఉన్నది ఒక్కటే, మా ఇంటి ముందు నుంచి పోయే శ్రీశైలం రోడ్డు. కడ్తాల్, డిండి, మన్ననూరు దాటి నల్లమల అడవిలోంచి గుడి దాకా నడిస్తే ఎనిమిది రోజులు. రోజుకు ఇరవై నాలుగు కిలోమీటర్లు, రెండు వందల మీటర్ల ఎక్కుడు: ఇరవై ఆరు. సంచి తొమ్మిది కిలోలు. మొత్తం రెండు వందల ముప్పై నాలుగు.

"సులువైనదే ముందు నడువు అక్కా. ఏ రోజన్నా సాయంత్రం ఐదు దాటినంక మకాం చేరితే, ఇగ మంచుగుట్టల మాట ఎత్తొద్దు" అన్నాను. బావకు ఈ షరతు బాగా నచ్చింది. అక్క నా కాగితం చూసి, "నువ్వు గూడ నడువు మరి. కాగితం మీద ఎంత దూరమైనా పోవచ్చు" అంది.

శివరాత్రికి రెండు వారాల ముందు ఇద్దరమూ బయలుదేరాం. పండక్కి నడిచిపోయే భక్తుల గుంపుతో పోతే సంచులు వ్యాన్‌లో వేస్తారు, దారి పొడుగునా పందిళ్లలో నీళ్లు, మజ్జిగ ఇస్తారు. మాకు అవేవీ లేవు. అక్క కాన్వాస్ బూట్లు వేసుకొని, కొంగు నడుముకు చుట్టి, పొలం గట్టు మీద నడిచినట్టే నడిచింది. తొందర లేదు, ఆగడం లేదు. మొదటి ఆరు రోజులూ నాలుగున్నరలోపే మకాం చేరాం. నా కాళ్లకు బొబ్బలు వచ్చాయి. ఆమె వేపనూనె రాసి, "జర చూసి అడుగెయ్యి తమ్మీ, రోడ్డు నీ కౌంటర్ లెక్క నున్నగ ఉండదు" అని నవ్వింది.

ఏడో రోజు అడవిలో ఆమె వెనకబడింది. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ఆగి ఎదురుచూశాను. ఊరు చేరేసరికి ఆరు దాటి పది నిమిషాలు. చిన్న పుస్తకంలో రాసుకున్నాను: ఆలస్యం, గంటా పది నిమిషాలు. ఆ ముక్క అక్కకు చూపించబుద్ధి కాలేదు.

టీ కొట్టు అరుగు మీద ఆమె సంచి దింపి కూలబడింది. దాన్ని గోడ పక్కకు జరపాలని ఒక చేత్తో పట్టుకున్నాను. లేవలేదు. రెండు చేతులతో లేపాను. పదిహేను కిలోలు.

"ఏం పెట్టినవక్కా ఇందుల?"

"నీళ్లు."

"ఇన్ని నీళ్లా?"

"నావి మూడు లీటర్లు, నీవి మూడు. పొద్దుగాల బయలెల్లేటప్పుడు బోరు కాడ నింపిన గదా. దారిల ఇంకోకాడ దొరుకుతయో లేదో అని పొద్దంత తక్కువ తాగి, దొరికినకాడల్లా అన్నిటిని మల్ల నింపిన, ఈ ఊరి మొదట్ల గూడ నింపిన. నీకు దూప అయినప్పుడల్లా తీసిచ్చిన, తాగినవు. గుర్తులేదా?"

గుర్తుంది. కానీ అది బరువని తోచలేదు. ఎయిర్‌పోర్టులో లోపలికి పోయేవాళ్లు నీళ్ల సీసాలు ఖాళీ చేసి గానీ ముందుకు కదలరు. ఇన్నేళ్లలో నా లెక్కలో సంచి అంటే నీళ్లు లేని సంచే. లీటరు నీళ్లు కిలో అని నాకు తెలియనిది కాదు. ఎండిన అడవిలో ఆరు కిలోలను సున్నా కింద వేశాను. అందులో మూడు నావే.

అక్కడే పుస్తకం తీసి మళ్లీ గుణించాను. ఇరవై ఆరు పదిహేనులు మూడు వందల తొంభై. మంచు దారిలో అడుగడుగునా వాగులున్నాయని ఆ అమ్మాయి చెప్పింది కాబట్టి అక్కడ ఒక్క లీటరు సీసా చాలు. దాన్ని కలిపినా మూడు వందల డెబ్భైన్నర. ఆమె ఆ రోజు నడిచింది మంచు దారిని మించిన దారి.

బావకు ఫోన్ చేశాను. "టైముకు వచ్చిందా?" అన్నాడు.

"రాలేదు బావా. గంటా పది నిమిషాలు లేటు. కానీ తప్పు నా లెక్కది." జరిగింది చెప్పాను.

"అంటే నీ నీళ్లు గూడ మా ఆమెనే మోసిందా బామ్మర్దీ?"

"మోసింది."

"నువ్వు మస్తు నడిచినవు పో" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు శ్రీశైలం చేరాం, బస్సులో వెనక్కి వచ్చాం. ఇంటికి రాగానే బావ ఆ ఆరు సీసాలూ నింపి, సంచిలో పెట్టి, భుజానికి తగిలించుకొని గేటు దాకా పోయి తిరిగొచ్చాడు. మనిషి గట్టివాడే, రోజూ కూరగాయల బస్తాలు ఎత్తేవాడే. అయినా సంచి దింపి భుజాలు రుద్దుకున్నాడు. తర్వాత చీపురులోంచి ఒక పుల్ల విరిచి, గోరువెచ్చని నీళ్లలో ఉన్న అక్క పాదం బయటికి తీయించి, మడమ నుంచి బొటనవేలు దాకా కొలిచి, ఆ పొడుగుకు తుంచాడు.

"మంచుల గీ కాన్వాసు పనికిరాదు. శంషాబాద్ పోయి వేరే బూట్లు చూసొస్త" అన్నాడు.

"వేళ్ల కాడ జర వదులుండాలె, మేజోళ్లు మందంగుంటయట" అంది అక్క.

జూన్‌లో ఆమె పన్నెండు రోజులూ నడిచింది. కనుమ దాటిన రోజు తొమ్మిది గంటలు పట్టిందట, పది అడుగులకోసారి ఆగాల్సి వచ్చిందట. ఆ ఒక్క రోజుకు విడిగా లెక్క వేస్తే, శ్రీశైలం దారిలో ఏ రోజూ దానికి సాటి రాదు. ఎనిమిది రోజులూ ఒకే తీరుగా ఎండలో కాల్చేది మాత్రం మా రోడ్డే. ఏది కష్టమని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఈ రెండు ముక్కలూ చెప్తాను. అక్కను అడిగితే, "ఆడ ఊపిరి అందదు, ఈడ నీళ్లు అందవు. పోయేటోళ్లు ఏది మోసుకపోగలరో జూసుకోవాలె" అని మళ్లీ మెంతికూర కట్టల్లో పడిపోతుంది.