ఎదురుగా ఆగిన కారు

వెర్లిన్ స్టాసెక్ మా ఊళ్లో ఇరవై రెండేళ్లు కార్లు అమ్మాడు. నేను అదే షోరూమ్ వెనక షెడ్డులో మెకానిక్‌ని. నెబ్రాస్కాలో మాలాంటి చిన్న ఊళ్లో కార్లమ్మేవాణ్ణి నమ్మేవాళ్లు తక్కువ, కానీ వెర్లిన్‌ని నమ్మేవారు. ఎవరి పిల్లలకి పళ్లొస్తున్నాయో కూడా అతనికి తెలిసేది.

కొత్త బళ్లు రాక షోరూమ్ ముందు స్థలమంతా గడ్డి మొలిచిన ఏడాది అది. కంపెనీ అతికించిన ధర కాగితం పక్కనే మా ఓనరు ట్రెంట్ ఇంకో కాగితం అంటించాడు. దానిమీద ‘మార్కెట్ సర్దుబాటు, ఎనిమిది వేల డాలర్లు’ అని రాసుంది, అంటే కంపెనీ ధర మీద అదనంగా.

"ఇదెందుకని అడిగితే ఏం చెప్పమంటారు?" అన్నాడు వెర్లిన్.

"అడిగినవాడి వెనకాల ఇంకొకడు నిలబడున్నాడని చెప్పు."

ఆ వారమే రాయిస్ హుబ్కా వచ్చాడు. వెర్లిన్, అతనూ బడిలో ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడినవాళ్లు. రాయిస్ పాత పికప్ ట్రక్కు అడుగంతా తుప్పు పట్టిపోయింది. భార్య ఆర్లీన్‌ని డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు దూరపు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"ఒరే, నిజం చెప్పు. రెండు నెలలు ఎలాగో ఈడుస్తాను. ఆగితే తగ్గుతుందంటావా?"

వచ్చే నెల నాలుగు ట్రక్కులు దిగుతున్నాయని వెర్లిన్‌కి తెలుసు. అద్దాల గదిలోంచి ట్రెంట్ చూస్తున్నాడు.

"ఆగితే ఇంకా పెరుగుతుందిరా," అన్నాడు.

రాయిస్ అప్పు కాగితాల మీద సంతకం పెట్టాడు.

మరుసటి ఏడు మొక్కజొన్న కోతలప్పుడు హైవే మీద జింక అడ్డొచ్చి ట్రక్కు కాలువలోకి పల్టీ కొట్టింది. రాయిస్ కుడి భుజం విరిగింది. ఇన్సూరెన్సువాళ్లు బండి విలువే ఇచ్చారు, పైన కట్టిన ఎనిమిది వేలు వాళ్ల లెక్కలోకే రాలేదు. ట్రక్కు పోయింది, అప్పు మిగిలింది.

అతను వచ్చి గొడవ చేస్తాడనుకున్నాం. చెయ్యలేదు. ఒక సోమవారం పొద్దున్న ఆర్లీన్ పాత కారు మా షోరూమ్‌కి ఎదురుగా, మూతబడ్డ దాణా కొట్టు ముందు ఆగింది. లోపల రాయిస్. దిగలేదు. ఇటే చూస్తూ కూర్చుని మధ్యాహ్నానికి వెళ్లిపోయాడు.

తర్వాత ఆసుపత్రికి వెళ్లని ప్రతి రోజూ వచ్చాడు. ట్రెంట్ పోలీసు షెరీఫ్‌ని పిలిపించాడు. "రోడ్డు పక్కన కూర్చుంటే నేరమెలా అవుతుంది?" అని ఆయన వెళ్లిపోయాడు.

వెర్లిన్ కిటికీకి వీపు పెట్టి మాట్లాడటం మొదలెట్టాడు. "వాడి ట్రక్కులో తుపాకీ ఉండేది. ఈ కారులో కూడా ఉందంటావా?" అని నన్నొకసారి అడిగాడు.

చివరికి తెగించి రోడ్డు దాటాడు.

"ఏం కావాలిరా నీకు?"

రాయిస్ అద్దం సగమే దించాడు. "ఏమీ వద్దు. ఆ రోజు నా మొహం చూసి చెప్పావుగా. ఇంకొకళ్లకి చెప్పేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామని."

‘ఒరే’ అనలేదు. అదే వెర్లిన్‌ని ఎక్కువ భయపెట్టింది.

ఆ మధ్యాహ్నమే కొత్తగా వచ్చిన బడి టీచరమ్మ ఒకావిడ, నిండు నెలలతో, ఆయాసపడుతూ వచ్చింది. "ఇప్పుడే కొనమంటారా?" అంది.

రాయిస్ కారు అప్పటికే వెళ్లిపోయింది. చూసేవాడు లేడు. అయినా వెర్లిన్ చాలాసేపు అటే చూశాడు.

"వద్దమ్మా. వసంతం దాకా ఆగండి. ఆ రెండో కాగితం ఉత్తిది."

సాయంత్రానికి ట్రెంట్ అతన్ని తీసేశాడు.

లెక్క తీరిందనుకున్నాడు వెర్లిన్. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే అదే కారు అతని ఇంటి ముందుంది. ఇంజను ఆడుతోంది. భార్యని లోపలే ఉండమని, చెప్పులతోనే మంచులోకి దిగాడు.

"నన్ను తీసేశారు, రాయిస్."

"తెలుసు."

"మరి?"

రాయిస్ దిగి, కారు చుట్టూ తిరిగి పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని ఆర్లీన్ ఉందని వెర్లిన్ అప్పుడు చూశాడు.

"నా భుజం ఆసుపత్రి దాకా స్టీరింగు తిప్పలేకపోతోంది. నువ్వు నడుపు."

ఆ చలికాలమంతా వెర్లిన్ నడిపాడు. వారానికి మూడుసార్లు, హీటరు పనిచెయ్యని కారులో. దాన్ని బాగుచెయ్యడం నావల్ల కాలేదు. ఆర్లీన్ ఒక్కతే మాట్లాడేదట. రాయిస్ రోడ్డుకేసి కాదు, వెర్లిన్ మొహంకేసే చూస్తూ కూర్చునేవాడు.

మార్చిలో ఆమె పోయింది. రాయిస్ తన పొలం ట్రాక్టరు వేలం వేసి ట్రక్కు అప్పు తీర్చాడు. సమాధి దగ్గర శవపేటిక మోయడానికి ఒక మనిషి తక్కువైతే వెర్లిన్‌ని వేలితో పిలిచాడు. మోశాక చెయ్యి కలపలేదు.

వెర్లిన్ ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడు. రోడ్డు పక్కన ఏ కారు ఆగి ఉన్నా బస్సు వేగం తగ్గించి, లోపల ఎవరున్నారో చూసిగాని ముందుకు పోడు.